బొమ్మల కొలువులో హోమ్‌రన్ వీరుడు

నా జీవితంలో నేను బేస్‌బాల్ ఆడింది ఒకే ఒక్క బంతి. దాన్ని కూడా నేను కొట్టలేదు, అదే నన్ను కొట్టింది.

టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో సరస్సు ఒడ్డున తెలుగువాళ్ళ వేసవి పిక్నిక్. పులిహోర ట్రేలు ఖాళీ అయ్యాక, తిన్నది అరగాలని పెద్దలూ పిల్లలూ కలిసి ఆట మొదలుపెట్టారు. నా చేతికి బ్యాటిచ్చారు. క్రికెట్ అలవాటు కొద్దీ దాన్ని నేలకానించి, నడుం వంచి, మహా ఆటగాడిలా నిలబడ్డాను. అవతల బంతి విసిరేది పన్నెండేళ్ళ ఆడపిల్ల. పిల్లే గదా అని నవ్వాను. ఆ నవ్వు సగంలో ఉండగానే బంతి వచ్చి నా మోచేతికి తగిలింది. నేను గడ్డి మీద కూలబడి "అమ్మా!" అని అరిస్తే, పిక్నిక్‌లో ఉన్న తల్లులందరూ తమ పిల్లలకేదో అయిందని పరుగెత్తుకొచ్చారు. నన్ను చూసి, ఓస్ నువ్వా అని వెనక్కి వెళ్ళిపోయారు.

ఒక్క పెద్దాయన మాత్రం ఆగాడు. తెల్లటి జుట్టు, బేస్‌బాల్ టోపీ, నొక్కీ నొక్కనట్టు నొక్కే వేళ్ళు. నా మోచేయి అటూ ఇటూ తిప్పి చూసి, "ఎముకకేం కాలేదు. లే నాయనా, పోయి ఫస్ట్ బేస్‌లో నిలబడు" అన్నారు.

"నేను కొట్టలేదు కదా సార్?"

"బంతి తగిలితే ఒక బేస్ ఊరికే ఇస్తారు. అది రూలు."

నాకా రూలు తెగ నచ్చేసింది. దెబ్బ తిన్నవాణ్ణి ఒక మెట్టు పైకి పంపే ఆట! "మా బళ్ళో లెక్కల మాస్టారు ఈ రూలు పాటించి ఉంటే నేనీపాటికి పీహెచ్‌డీ చేసి ఉండేవాణ్ణి సార్. ఆయన కొట్టడం వరకే చూసుకున్నాడు, పై క్లాసుకి పంపే సంగతి పట్టించుకోలేదు" అన్నాను. పెద్దాయన టోపీ తీసి మరీ నవ్వారు. బంతి విసిరిన పిల్ల ఆయన మనవరాలే. ఆ పిల్ల నవ్వలేదు. "సారీ అంకుల్, కానీ మీరు ప్లేట్ మీదికి, బంతి వచ్చే దారిలోకి వంగారు" అంది. క్షమాపణ చెబుతూనే తప్పు నాదని తేల్చేసిన ఆ పిల్ల మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

నేను తొమ్మిదో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టి ఒక ఫర్నిచర్ షాపులో చేరినవాణ్ణి. మా ఆవిడ బాగా చదువుకుంది. ఆమె ఈ దేశంలో శాశ్వత నివాసానికి, అదే పీఆర్‌కి, అప్లై చేసినప్పుడు ఆ కాగితాలకు గుచ్చిన గుండుసూదిలా నేనూ వచ్చాను. ఆమె మార్కమ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. నేను ఈ చుట్టుపక్కల ఇళ్ళలో బేస్‌మెంట్లు కడతాను, పెరట్లో చెక్క అరుగుల్లాంటి డెక్‌లు వేస్తాను. చెక్కపని వచ్చని తెలియగానే పెద్దాయన నన్ను వాళ్ళింటికి పిలిచారు.

ఆయన డాక్టరు. హామిల్టన్‌లో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ల ముందు మత్తిచ్చే పని చేసి, రిటైరయ్యాక ఏజాక్స్ వచ్చి స్థిరపడ్డారు. అంటే జీవితమంతా జనాన్ని నిద్రపుచ్చడమే ఆయన ఉద్యోగం. "మొన్న సంఘం మీటింగులో మీరు మాట్లాడుతుంటే చూశాను సార్, చెయ్యి ఏం తగ్గలేదు" అని ఒకసారి అన్నాను. "నిద్రపుచ్చినవాళ్ళను లేపడం కూడా నా పనే నాయనా. చివర్లో చందా అన్నాను, అందరూ లేచిపోలా?" అన్నారు. ఈయనతో జాగ్రత్తగా ఉండాలని అప్పుడే అనుకున్నాను.

వాళ్ళింట్లో నాకప్పగించిన పని బొమ్మల కొలువుకి మెట్లు. డాక్టరు గారి భార్యను నేను ఆంటీ అంటాను. ఆవిడది చిత్తూరు వైపు. దసరాకి కొలువు పెట్టడం పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు. హామిల్టన్‌లో ఉన్న రోజుల నుంచీ సూట్‌కేసుల మీదా, డాక్టరు గారి లావుపాటి వైద్య పుస్తకాల మీదా పలకలు పరిచి, తెల్ల దుప్పటి కప్పి నెట్టుకొచ్చారట. "నా పుస్తకాలన్నిటికీ పసుపు కుంకుమ అంటింది. అంత పవిత్రమైన మత్తు ఈ దేశంలో ఇంకెవరూ ఇవ్వలేదు" అన్నారు డాక్టరు గారు. నేను అయిదు మెట్లు చేసిచ్చాను. మడిచి బేస్‌మెంట్‌లో పెట్టుకోవచ్చు, విప్పితే హాల్లో ఫైర్‌ప్లేస్‌కి అడ్డంగా సరిపోతుంది. అప్పటి నుంచి ప్రతి దసరాకీ ఆ మెట్లు విప్పేదీ, బొమ్మలు అందించేదీ నేనే. ఆంటీ మోకాళ్ళు నేల మీద కూర్చోనివ్వవు. డాక్టరు గారు కూర్చుంటారు గానీ లేవలేరు.

పై మెట్టు మీద కలశం, దేవుళ్ళు. రెండో మెట్టు మీద దశావతారాలు. మూడో మెట్టు మీద పాండవులు, ద్రౌపది, ఓ పక్కన పది తలల రావణుడు. నాలుగో దాని మీద పెళ్ళి బొమ్మలు, బియ్యం పప్పులు పోసుకుని కూర్చున్న శెట్టి దంపతులు. ఇంతవరకూ ఏ ఇంట్లోనైనా ఉండేవే. అయిదో మెట్టు డాక్టరు గారిది. ఆకుపచ్చ గుడ్డ పరిచి, పిండితో గీతలు గీసి, దాని మీద బేస్‌బాల్ మైదానం. అందులో ఆటగాళ్ళందరూ చిన్న ఒంటి మీద పెద్ద తల ఉండి, తాకితే తల ఊపే బొమ్మలు. స్టేడియంలో ముందొచ్చిన వాళ్ళకి పంచిపెడుతుంటారు. ఆంటీ మొదట్లో ఒప్పుకోలేదట. తరవాత ఒక బొమ్మను పట్టుకుని, "ఇది మన తంజావూరు బొమ్మకి చుట్టమే" అని ఆవిడే చోటిచ్చిందట.

ఆ మైదానం మధ్యలో ఒక హిట్టర్. మిగతా బొమ్మల కంటే భుజాలు వెడల్పు, భుజం మీద బ్యాటు, గడ్డం కాస్త పైకెత్తి ఉంటుంది. సరిహద్దు అవతలి జట్టు మనిషి. ఎవరు ఎంత గట్టిగా విసిరినా బంతిని మైదానం దాటించి జనంలో పడేసేవాడట. ఆయన టొరంటో వచ్చి ఆడినప్పుడల్లా డాక్టరు గారు హామిల్టన్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి చూసేవారు. అందరూ ఆయన కొట్టిన బంతుల గురించి చెప్పుకుంటే డాక్టరు గారిది వేరే పిచ్చి.

"నేను ఆయన వదిలేసిన బంతులు చూసేవాణ్ణయ్యా. జనమంతా లేచి నిలబడి కొట్టు కొట్టు అని అరుస్తున్నా సరే, బంతి వెంట్రుకవాసి పక్కకు పోతోందంటే బ్యాటు కదిపేవాడు కాదు. కళ్ళతో దాన్ని సాగనంపేవాడు. మళ్ళీ నిలబడేవాడు. ఆపరేషన్ చేసేవాడికి చేతుల్లో పని, నాకు కళ్ళల్లో పని. పక్కన కూర్చుని ఊపిరి చూస్తూ ఉండాలి. ఏమీ చెయ్యకుండా, అట్లాగని రెప్ప వాల్చకుండా. అది ఎంత కష్టమో తెలిసినవాడు ఇంకొకడు ఉన్నాడని ఆయన్ని చూస్తే ధైర్యంగా ఉండేది."

తరవాత ఆ వీరుడు కండలు పెరగడానికి సూదులు పొడిపించుకున్నాడని బయటపడింది. ముందు కాదన్నాడు, తరవాత అవునన్నాడు. ఆ ఆటలో మహానుభావుల పేర్లు చెక్కి పెట్టుకునే పెద్ద మందిరం ఒకటుంది. దాని తలుపులు అతనికి తెరుచుకోలేదు. డాక్టరు గారి కొలువులో మాత్రం అతని చోటు అతనిదే.

"అక్కడ గేటు దగ్గరే ఆపేసినవాణ్ణి ఇక్కడ దేవుళ్ళ కింద నిలబెట్టారేంటి సార్?" అని నేను ఏడిపించేవాణ్ణి.

"రావణుణ్ణి పెట్టలేదా?"

"ఆయన పది తలలూ తపస్సు చేసి పెంచుకున్నాడు సార్, సూదులతో కాదు."

ప్రతి ఏడూ ఇదే మాట ఎలాగోలా వచ్చేది. ప్రతి ఏడూ ఆయన నవ్వి ఆ బొమ్మను గుడ్డతో తుడిచి తన చేత్తోనే పెట్టేవారు. ఈ ఏడు మాత్రం అలా జరగలేదు.

మనవరాలికి ఇప్పుడు పదహారేళ్ళు. అమ్మా నాన్నలతో మార్కమ్‌లో ఉంటుంది. చలికాలమంతా గరాజ్‌లో పరుపు నిలబెట్టి దాని మీదికి బంతులు విసిరి విసిరి, ఈ వేసవిలో ప్రావిన్స్ జట్టు సెలెక్షన్‌కి వెళ్ళింది. అక్కడ కోచ్ అందరినీ కూర్చోబెట్టి, నోట్లో వేసుకునే ప్రతిదీ ఏమిటో తెలుసుకుని వేసుకోమని చెప్పాడట, దగ్గు మందుతో సహా. ఆ వారమే పిల్లకి జలుబు. ఆంటీ లేహ్యం సీసా పట్టుకొచ్చింది. డాక్టరు గారింట్లో బేస్‌మెంట్ తలుపు బిగించడానికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను.

"ఇందులో ఏమేం వేశావవ్వా?"

"శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, బెల్లం, నెయ్యి... ఇంకా మా అమ్మ వేసేవేవో వేశా."

"ఆ ఇంకా ఏంటి? ఐ నీడ్ టు నో."

"ఏం, నా లేహ్యం తిని గెలిచేస్తారనా? మీ తాత పెళ్ళైనకాడి నుంచీ తింటున్నాడు. ఇంతవరకూ మాటల్లో నన్ను ఒక్కసారి గెలిచిందిలేదు."

డాక్టరు గారు పేపరు వెనక నుంచి "నిజమే" అన్నారు. పిల్ల నవ్వింది గానీ లేహ్యం తినలేదు. దగ్గుతూనే వెళ్ళి బంతులు వేసింది. చివరిదాకా ఉంచి, చివర్లో తీసేశారు. దాని గురించి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదట. ఆ తరవాతెప్పుడో తాతగారి హిట్టర్ సూదుల కథ మొత్తం చదివింది.

దసరాకి ముందు నేను మెట్లు విప్పుతుంటే ఫోన్ వచ్చింది. ఆంటీ చేతులకు పసుపు ఉండి స్పీకర్‌లో పెట్టింది.

"తాతా, ఈసారి ఆయన్ని పెట్టొద్దు. ఆయన ఉంటే నేను కొత్త బొమ్మ పెట్టను. ఐ మీన్ ఇట్."

కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలి. తన నాలుగో ఏట నుంచీ దాన్ని పెట్టేది ఆ పిల్లే. మొదట్లో తాత ఎత్తుకుంటే పెట్టేదట, ఇప్పుడు తాతకే చెయ్యందిస్తుంది. డాక్టరు గారు ఫోన్ దగ్గరికి జరిగారు. తరవాత "సరే తల్లీ, పెట్టను" అన్నారు.

ఫోన్ ఆగాక ఆంటీ రాముడి మొహం తుడుస్తూ, మామూలుగా వంట సంగతి చెప్పినట్టు చెప్పింది. "నా తరవాత ఇవన్నీ దానికే అనుకున్నా. దానికి వద్దంటే ఇదే ఆఖరి కొలువు. పెట్టెలు కట్టి ఎవరికన్నా ఇచ్చేద్దాం." నేను ఏదో ఒక జోకు వెయ్యాలని చూశాను. ఆశ్చర్యం, ఒక్కటీ దొరకలేదు.

డాక్టరు గారు హిట్టర్‌ని పెట్టెలోంచి తీసి, తుడిచి, మెట్టు మీద కాకుండా సోఫా పక్కనున్న బల్ల మీద ఫోన్ చార్జర్ పక్కన పెట్టారు. కొత్త బొమ్మ కోసం మూడో మెట్టు చివర కొంచెం చోటు ఖాళీగా వదిలారు. అదే మెట్టు మీద ఇంకో ఖాళీ కూడా ఉంది. పెట్టెలోంచి తీసేటప్పుడే భీముడి మెడ విరిగింది. ధర్మరాజుకీ అర్జునుడికీ మధ్య పన్ను ఊడినట్టు సందు.

నవరాత్రుల్లో రెండో రోజు పేరంటం. మా ఆవిడను దింపడానికి వెళితే, లైట్ల దండ వెలగడం లేదని ఆంటీ నన్ను లోపలికి పిలిచింది. నేను ప్లగ్గు దగ్గర కూర్చుని ఉన్నాను. కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద కొత్తగా వచ్చిన ఒక పెద్దావిడ కొలువు ముందు నిలబడి పాండవులను లెక్కపెట్టుకుంటోంది. నాలుగు దగ్గర ఆగింది. చుట్టూ చూసింది. చార్జర్ పక్కన మన హిట్టర్ కనిపించాడు. ఆ భుజాలు, ఆ ఛాతీ, భుజం మీద గదలాంటి బ్యాటు.

"అయ్యో రామ! భీముణ్ణి ఇక్కడ వదిలేశారేమిటమ్మా!"

పమిట చెంగుతో మొహం తుడిచి, నుదుట కుంకుమ పెట్టి, తీసుకెళ్ళి ధర్మరాజు పక్కన నిలబెట్టింది. కాస్త వెనక్కి జరిగి చూసి, నా వైపు తిరిగి "భీముడికి టోపీ ఏంటి నాయనా?" అని అడిగింది.

ఆ క్షణంలో నిజం చెప్పగల మనిషిని కాదు నేను. అంత మంచి బంతి వస్తే కొట్టకుండా వదిలే ఓపిక నాకు లేదు. "చలి దేశం కదా పిన్నిగారూ, టోపీ లేకపోతే భీముడికైనా జలుబు చేస్తుంది" అన్నాను. ఆవిడ అవునవునంటూ హారతి పళ్ళెం అందుకుంది. కర్పూరం వెలిగించి, తిప్పి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. చెక్క మెట్టు కదిలిందేమో, భీముడు నిదానంగా తల ఊపాడు. కళ్ళు తెరిచిన పిన్నిగారు అది చూసి లెంపలేసుకుంది.

ఆంటీ శనగ గుగ్గిళ్ళ గిన్నెతో వంటింట్లోంచి వచ్చి అక్కడే ఆగిపోయింది. పెద్దావిణ్ణి ఏమంటుంది? పైగా వాళ్ళింట్లో ఒక పట్టింపు ఉంది. ఒకసారి మెట్టెక్కించి హారతిచ్చిన బొమ్మను విజయదశమి దాకా కదపకూడదు. చేర్చొచ్చు గానీ తీయకూడదు. అందరూ వెళ్ళాక డాక్టరు గారు వచ్చి చూశారు.

"అయిదో మెట్టు మనిషి మూడుకెక్కాడు సార్. సూదులేసుకున్నా రాని ప్రమోషన్ కుంకుమ బొట్టుతో వచ్చింది" అన్నాను.

ఆయన నవ్వలేదు. "పిల్లకి మాటిచ్చానయ్యా" అన్నారు. అంతే.

శనివారం పిల్ల అమ్మా నాన్నలతో వచ్చింది. నేనూ వెళ్ళాను, నన్నెవరూ పిలవకపోయినా. బూట్లు విప్పుతూనే హాల్లోకి చూసి అక్కడే నిలబడిపోయింది.

"యూ ప్రామిస్డ్, తాతా. పైగా ఇంకా పైకి ఎక్కించావు?"

"అవును తల్లీ. మాటిచ్చాను. ఆయన అక్కడున్నాడు." అంతకు మించి చెప్పలేదు. ఇంటికొచ్చిన పేరంటాలి మీద నెపం వేసే మనిషి కాదాయన. నాకు ఆగలేదు. పిన్నిగారి సంగతంతా నేనే చెప్పాను, టోపీతో సహా. మామూలుగా ఈ కథకి రాళ్ళు కూడా నవ్వాలి.

"ఇట్స్ నాట్ ఫన్నీ, అంకుల్" అంది. తరవాత తాత వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నేను అవ్వ లేహ్యం కూడా తినలేదు. దగ్గుతూనే వేశాను. ఆయన ఇంజెక్షన్ తీసుకుని టీమ్‌లో ఒక స్పాట్ తీసుకున్నాడు. ఆ స్పాట్ ఇంకొకళ్ళది. ఇంజెక్షన్ వద్దనుకున్నవాడిది. అతని బొమ్మ ఎక్కడుంది తాతా?"

ఆ పిల్ల ఆగకుండా కాలు ఆడిస్తోంది. ఆ చెక్క నేల అదురుకి అయిదో మెట్టు మీది ఆటగాళ్ళందరూ తలలూపుతున్నారు, నిజమే నిజమే అన్నట్టు.

"లేదు" అన్నారు డాక్టరు గారు. "ఎవరూ చెయ్యలేదు. ఇన్నేళ్ళలో నేను కూడా ఒక్కసారైనా అతని గురించి ఆలోచించలేదు."

నేను చాలా ఇళ్ళలో పనిచేశాను. చదువుకున్న పెద్దవాళ్ళను చాలామందిని చూశాను. పుల్ల విరిచినట్టు మాట్లాడిన మనవరాలికి, కొడుకూ కోడలూ చూస్తుండగా, చివరికి నాలాంటి వాగుడుకాయ కూడా చూస్తుండగా, అంత తేలిగ్గా ఓడిపోయిన పెద్దమనిషిని మాత్రం అప్పుడే చూశాను. ఆయన మళ్ళీ అన్నారు.

"ఒక్క మాట తల్లీ. ఆయన ఓపిక నిజం. మందుల సంగతి నాకు తెలుసు. సూది కండ ఇస్తుంది. ఏ బంతి వదిలెయ్యాలో చెప్పదు. కానీ నువ్వడిగినదానికి అది జవాబు కాదు. అది కూడా నాకు తెలుసు." ఆ తరవాత నా వైపు తిరిగి, "నీ వ్యాన్‌లో మంచి చెక్కముక్క ఏదన్నా ఉందా?" అన్నారు.

మర్నాడు వాళ్ళ గరాజ్‌లో కూర్చున్నాం. కొలువు మెట్లు చేసినప్పుడు మిగిలిన పైన్ చెక్క నా చేతిలో. డాక్టరు గారు మడత కుర్చీలో. పిల్ల ఎదురుగా బ్యాటు పట్టుకుని నిలబడింది, బొమ్మ ఎలా ఉండాలో చూపించడానికి.

"కొడుతున్నట్టా?" అని అడిగాను.

"నో. వెయిటింగ్. ఎవరో పిలుస్తారని చూస్తున్నట్టు."

"అమ్మా, నాకు నిలబడ్డ మనిషే సరిగ్గా రాడు. ఎదురుచూస్తున్న మనిషి ఎక్కణ్ణించొస్తాడు?"

"ట్రై, అంకుల్."

నేను బల్లలు చెయ్యగలను, తలుపులు చెయ్యగలను. మనుషులను చెయ్యడం దేవుడి పని, ఆయన కూడా నా విషయంలో కొంత తొందరపడ్డాడు. చెక్క రెండుసార్లు పగిలింది. పగిలినంత మేరా గీకేసరికి చేతులు పుల్లల్లా తేలాయి. ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి. బ్యాటు మాత్రం బాగా వచ్చింది, అది గుండ్రటి కర్ర కాబట్టి. చేతిలో వేలాడుతూ నేలను తాకుతూ ఉంది. చొక్కా వెనక పేరు రాయాలా, నంబరు వేయాలా అని అడిగితే పిల్ల రెండూ వద్దంది. తల ఊగేలా లోపల స్ప్రింగ్ పెట్టనా అంటే, "నో. అతను దేనికీ తలూపలేదు కదా" అంది. ఈ పిల్ల బంతి మాత్రమే కాదు, మాట కూడా తగలాల్సిన చోటే వేస్తుంది.

డాక్టరు గారు బొమ్మను తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు, ఆ రోజు నా మోచేతిని చూసినట్టే. "బాగా ఆడేవాడంటావా?" అని మనవరాలిని అడిగారు.

"ఆడేవాడే తాతా. దే జస్ట్ డిడింట్ కాల్ హిమ్."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను చెక్కపొట్టు ఊడ్వడానికి లేచాను. నిజానికి ఊడ్చేంత పొట్టు లేదు.

రంగు వేసి, అది ఆరేసరికి దశమి వచ్చింది. బడి అయిపోయాక పిల్ల బస్సులోనే నేరుగా వచ్చింది. కాళ్ళు కడుక్కుని, పేరూ నంబరూ లేని ఆ ఆటగాణ్ణి రెండు చేతులతో తీసుకెళ్ళి మూడో మెట్టు చివర ఖాళీలో పెట్టింది. వెనక్కి జరిగి చూసి, మళ్ళీ వెళ్ళి హిట్టర్‌కి ఎదురుగా ఉండేట్టు కొంచెం తిప్పింది. ఆంటీ బొట్టు పెట్టింది. హారతిచ్చింది.

దశమి సాయంత్రం కొలువు ముగిసిందనడానికి గుర్తుగా ఏదో ఒక బొమ్మను పడుకోబెడతారు. వాళ్ళింట్లో ఆ పని డాక్టరు గారిది, ఆయన వృత్తిని బట్టి. ఏటా పప్పుల శెట్టి గారిని నిద్రపుచ్చేవారు. ఈసారి పిల్ల వైపు చూసి, "నువ్వే పడుకోబెట్టు తల్లీ, ఎవరినైనా" అన్నారు.

ఆ పిల్ల హిట్టర్‌ని తీసింది. పిన్నిగారు పెట్టిన బొట్టు ఇంకా నుదుటి మీదే ఉంది. దాన్ని తుడవలేదు. అరచేతిలో పట్టుకుని, మెల్లగా పక్కకు తిప్పి మెట్టు మీద పడుకోబెట్టింది. పడుకున్నా తల ఊగుతూనే ఉంది. డాక్టరు గారు వంగి, ఆపరేషన్ బల్ల పక్కన ఎలా చెప్పేవారో అలాగే, లోగొంతుకతో "పది... తొమ్మిది... ఎనిమిది..." అని వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏడుకో ఆరుకో తల ఆగిపోయింది. పిల్ల తెల్లగుడ్డ అంచు తీసి భుజాల దాకా కప్పింది.

"తాతా, నిజంగా అంత ఓపికా ఆయనకి?"

"నిజంగా."

"వీడియోలున్నాయా? కొట్టినవి వద్దు. వదిలేసినవి చూపించు."

ఇద్దరూ కింద బేస్‌మెంట్‌లోకి వెళ్ళి టీవీ ముందు కూర్చున్నారు. మెట్ల మీదుగా ఆయన గొంతు వినబడుతూనే ఉంది. "చూడు, చూడు, ఇది పోనిచ్చాడు. ఇది కూడా!" బంతిని కొట్టని మనిషిని అంతగా మెచ్చుకోవడం నేనెక్కడా వినలేదు. మధ్యలో పిల్ల గొంతు, "నేనైతే ఇక్కడ లోపలికి వేసేదాన్ని." "వేసి చూడు, కొట్టేస్తాడు" అని ఆయన.

మర్నాడు పొద్దున పిల్లను బడికి దింపే ముందు బొమ్మలు సర్దారు. పిల్లే దగ్గరుండి ఒక్కొక్కదాన్నీ కాగితంలో చుట్టింది. చెక్కబొమ్మను మాత్రం తన పాత టీమ్ చొక్కాలో చుట్టింది. మెట్లు మడుస్తున్న నన్ను చూసి, "అంకుల్, నెక్స్ట్ ఇయర్‌కి అయిదు చాలవు. ఏడు చెయ్యండి" అంది. ఆంటీ వంటింట్లోకి వెళ్ళి లేహ్యం సీసా తెచ్చి పిల్ల ముందు పెట్టింది. పిల్ల ఏమేం వేశావని అడగకుండా చెంచాడు తీసుకుని నోట్లో వేసుకుంది.

అంతా బాగానే ఉంది కదా, ఇక నేను నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ నా సంగతి తెలిసిందే. బొమ్మల పెట్టె కిందికి మోస్తూ, "అమ్మాయ్, వచ్చే ఏడు పిన్నిగారు మళ్ళీ వచ్చి, ఈ కొత్తాయన మందులు వాడలేదని గ్యారంటీ ఏంటి, టెస్ట్ చేయించారా అని అడిగితే ఏం చెప్తావు?" అన్నాను.

ఆ పిల్ల పెట్టె నా చేతుల్లో ఉండగానే మూత తీసి, చొక్కా విప్పి, నేను చెక్కిన మనిషిని ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, మళ్ళీ చుట్టి లోపల పెట్టింది.

"టెస్ట్ ఎందుకంకుల్? ఆ చేతులు చూడండి."